పాలలో ఉప్పు

1984 మే పద్నాలుగు, సోమవారం ఉదయం, నూజివీడు బస్టాండు వెనక ఉన్న పళ్ళ డాక్టరు జగదాంబ నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ పీకాడు. పైన రెండు, కింద రెండు, అన్నీ ముందువే. మిగతావి ఎప్పుడో పోయాయి. ఈ నాలుగింటినీ ఆవిడ పట్టుబట్టి ఉంచుకుంది. చిగురు చీముపట్టి దవడ వాచాక ఇక ఉంచడానికి లేదని డాక్టరు చెప్పాడు.

కోడలు కామేశ్వరి కుర్చీ పక్కన నిలబడి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆఖరి పన్ను పళ్ళెంలో పడ్డాక జగదాంబ చెయ్యి విడిపించుకుని, దూది అదిమిన నోటితో ఏదో అడిగింది. డాక్టరుకు అర్థం కాలేదు.

"శుక్రవారం చాట్రాయిలో వంట ఒప్పుకున్నారండి. వెళ్ళొచ్చా అంటున్నారు," అంది కామేశ్వరి.

వండొచ్చు, తినకుండా ఉంటే చాలన్నాడు డాక్టరు. పది రోజులు గట్టి పదార్థం తగలకూడదన్నాడు. జావ, సూపు, ఏదైనా గోరువెచ్చగా ఇమ్మన్నాడు. మర్నాటి నుంచి పూటపూటకీ ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు.

ఇద్దరూ రిక్షా ఎక్కారు. దారి పొడుగునా మామిడి లారీలు నిలబడి ఉన్నాయి. జగదాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో గాలిలో గరిటె తిప్పినట్టు తిప్పి, కోడలి వైపు చూసింది. శుక్రవారం సంగతి అది. కామేశ్వరి తలూపింది.

చాట్రాయిలో దశరథరామయ్యది కొత్త ఇల్లు, గృహప్రవేశం. ఆయనకు అరవై ఎకరాల తోట ఉంది. ఇంట్లో ఏ శుభకార్యమైనా జగదాంబగారి చేతి మామిడికాయ పప్పు ఉండాల్సిందేనని అంటాడు. ఆయన ఇంట్లో వంట కుదిరితే ఆ చుట్టుపక్కల ఏడాది పొడుగునా పిలుపులు వస్తాయి. కుదరకపోతే ఆ కబురు కూడా అంతే దూరం వెళ్తుంది. జగదాంబకు వచ్చే పిలుపుల మీదే ఆ ఇంట్లో సగం గడుస్తుంది. మిగతా సగం కొడుకు లక్ష్మీనరసింహారావు మామిడి కమీషను కొట్లో చేసే గుమాస్తా పని.

ఆ ఇంట్లో ఉప్పు జాడీ పొయ్యి దగ్గర ఉండదు. జగదాంబ కూర్చునే పీట పక్కన ఉంటుంది. కామేశ్వరి కాపురానికి వచ్చి పదకొండేళ్ళు. కూర తరిగేది తనే, పప్పు ఎనిపేది తనే, పోపు పెట్టేదీ తనే. చివర్న గిన్నె తెచ్చి పీట ముందు దించుతుంది. జగదాంబ గిన్నెలోకి ఒకసారి చూస్తుంది, జాడీలో చెయ్యి పెడుతుంది, వేస్తుంది. దేవుడికి పెట్టకముందు వంట రుచి చూడరు కాబట్టి ఆ చేతి కొలతే కొలత. కుదిరితే అమ్మ చెయ్యి అంటాడు నరసింహారావు. కుదరకపోతే ఏం పాడుచేశావని పెళ్ళాన్ని అడుగుతాడు.

*

మంగళవారం మధ్యాహ్నానికి జగదాంబ కడుపులోకి వెళ్ళింది గ్లాసు మజ్జిగ, నాలుగు చెంచాల జావ. లేచి నిలబడితే గోడ పట్టుకుంటోంది. ఉప్పునీళ్ళు మాత్రం తప్పకుండా పుక్కిలిస్తోంది. చెంబులో గుప్పెడు కల్లుప్పు వేసి, కరిగేదాకా కలిపి, పెరట్లో తులసికోట అవతల కూర్చుని పుక్కిలించి ఉమ్ముతుంది. అంత ఉప్పు అక్కర్లేదని కామేశ్వరి ఒకసారి అంది. ఉప్పు సంగతి నాకు చెప్పకు అన్నట్టు ఆవిడ చెయ్యి ఊపింది.

ప్రహరీ అవతల ఇన్నమ్మ బట్టలారేస్తోంది. ఇన్నమ్మ విజయవాడలో మిషనాస్పత్రి వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి. గోడ మీదుగా ఆస్పత్రి కబుర్లు చెప్తుంది గానీ ఈ గడప తొక్కదు. తొక్కమని ఎవరూ అనలేదు.

అత్తగారికి బలం వచ్చేది ఏం పెట్టాలని కామేశ్వరి ఆవిణ్ణే అడిగింది. దవడ దెబ్బలవాళ్ళకి, గొంతు ఆపరేషన్లవాళ్ళకి తాము బంగాళాదుంప సూపు చేసేవాళ్ళమంది ఇన్నమ్మ. ఒక గిన్నెడు పడితే మనిషి లేచి కూర్చుంటాడంది.

"ఉడకబెట్టి చేసేదే కదండీ?"

"ఉడకబెడితే నీళ్ళు తాగేస్తదమ్మా దుంప. మా దొరసాని సిస్టరు ఒప్పుకునేది కాదు. తొక్కతోనే ఓవెన్‌లో పెట్టి కాల్చాలి. లోపల పిండిలాగా పొడిపొడిగా అవ్వాలి. అప్పుడు పాలల్లో కలపాలి. మీకు ఓవెన్ లేదుగా."

"పొట్టు పొయ్యి ఉందండి," అంది కామేశ్వరి.

మామిడి పెట్టెలు కొట్టే సీజనులో నూజివీడులో రంపపు పొట్టుకు కొదవ లేదు. కామేశ్వరి పొద్దున్నే రేకు పొయ్యి మధ్య రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి కూరి, రోకలి తిప్పుతూ పైకి లాగి, కింది కన్నంలో పుల్ల వెలిగిస్తుంది. మంట లోపల్నుంచి అంచులకు నిదానంగా పాకుతుంది. మధ్యాహ్నం వంట అయ్యేసరికి పొయ్యి నిండా కణకణలాడే బూడిద మిగులుతుంది. ఇన్నాళ్ళూ దాని మీద నీళ్ళు కాచుకోవడమే.

ఆమె దుంపలు కడిగి, తుడిచి, ఒక్కొక్కదానికీ దబ్బనంతో నాలుగు పోట్లు పొడిచింది. పొడవకపోతే పేలతాయని ఇన్నమ్మ చెప్పింది. బూడిదను పక్కకు తోసి దుంపలు పెట్టి మళ్ళీ కప్పింది. పైన మూకుడు బోర్లించింది. మధ్యలో ఒకసారి పట్టుకారుతో తిప్పింది. సాయంత్రం తీసి చూస్తే తొక్క ముడతలు పడి బిగిసింది. చేటలో వేసి బూడిద దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఒక దుంపను రెండు చేతుల్తో విరిచింది. ఆవిరి వచ్చింది. లోపల చెంచా పెడితే పిండిలాగా రాలింది.

గుజ్జంతా చెంచాతో తీసి జల్లెడ మీద అరచేత్తో రుద్దింది. గిన్నెలో వెన్న కరిగించి, మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలిపింది. పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పింది. పాలు చిక్కబడ్డాక దుంప గుజ్జు వేసింది. వేడినీళ్ళతో కొంచెం పల్చన చేసింది. రెండు రోజుల మీగడ కవ్వంతో గిలక్కొట్టి పోసింది. మిరియాలు మెత్తగా దంచి వేసింది. ఇన్నమ్మ ఉల్లిపాయ చెప్పింది గానీ జగదాంబ ఉల్లి తినదు, అందుకని అది మానేసింది. గరిటె ఎత్తి వంచితే సూపు తీగలా జారింది. అలాగే జారాలని ఇన్నమ్మ చెప్పింది.

గిన్నె తీసుకెళ్ళి పీట ముందు దించింది.

జగదాంబ వంగి చూసింది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక మొదటిసారి నోరు తెరిచి మాట్లాడింది. పళ్ళు లేని మాట కాబట్టి ఒక్కో ముక్కే వచ్చింది.

"ఏమిటే ఇది? పాయసమా?"

"సూపండి. బంగాళాదుంప. ఇన్నమ్మగారు చెప్పారు."

"పాలున్నాయా ఇందులో?"

"ఉన్నాయండి."

"పాలల్లో ఉప్పేమిటే. ఎక్కడన్నా ఉందా?"

మజ్జిగలో వేసుకుంటాం కదా, అదీ పాలేగా అంది కామేశ్వరి. జగదాంబ దాని మీద కొంచెంసేపు ఆలోచించింది. ఈ గిన్నెకు ఎంత ఉప్పు పడుతుందో ఆవిడ చేతికి తెలియదు. అడగడం ఆవిడకు అలవాటు లేదు. పప్పు గిన్నె కొలత చూసుకుని వేసింది. పుక్కిలించి వస్తానని పెరట్లోకి వెళ్ళింది. వచ్చి, గ్లాసులోకి వంచుకుని తాగి, చప్పగా ఉందని గిన్నెలో ఇంకొంచెం వేసింది. మళ్ళీ తాగి మళ్ళీ వేసింది. గిన్నెలో మూడో వంతు తాగింది.

చీకటి పడే వేళకు నరసింహారావు వచ్చాడు. చొక్కా మీద మామిడి సొన మరకలు, చెవి మీద పెన్సిలు. స్నానం చేసి కూర్చుంటే కామేశ్వరి అన్నంతోపాటు చిన్న గిన్నెలో సూపు పెట్టింది. అతను గిన్నె ఎత్తి తాగి, వెంటనే పెరటి గుమ్మంలోకి వెళ్ళి ఉమ్మేశాడు.

"ఉప్పు కొట్టు పెట్టావా ఏం? అమ్మ మంచాన పడి రెండు రోజులు కాలేదు, అప్పుడే జాడీలో చెయ్యి పెట్టావు. ఈ పదకొండేళ్ళూ నీ చేతికి ఎందుకివ్వలేదో ఇప్పుడు తెలిసింది."

జగదాంబ మంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. కొడుకు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. తర్వాత పక్కకు తిరిగి పడుకుంది.

కామేశ్వరి గిన్నె తీసేసి, అతనికి చారు పోసింది. అతను తిని లేచాక వంటింట్లో నిలబడి ఆ సూపు ఒక చెంచా నోట్లో వేసుకుంది. ఉప్పు కషాయంలా ఉంది. ఆమె కళ్ళు పెరటి తలుపు పక్కన ఉన్న పుక్కిలింతల చెంబు మీదికి వెళ్ళాయి. చెంబు అడుగున కరగని ఉప్పు కల్లు తెల్లగా కనిపించింది.

*

బుధవారం సాయంత్రం కామేశ్వరి మళ్ళీ దుంపలు కాల్చి మళ్ళీ సూపు చేసింది. ఈసారి రెండు గిన్నెల్లో పోసింది. ఒకటి పొయ్యి పక్కనే ఉంచింది. రెండోది పీట ముందుకు తెచ్చింది.

జగదాంబ ఉప్పు వేసింది, నిన్న మొదటిసారి వేసినంతే. లేచి చెంబు అందుకోబోయింది.

"పుక్కిలించడం తర్వాత కానివ్వండి అత్తయ్యగారూ. ముందు తాగేయండి, చల్లారిపోతుంది."

జగదాంబ కూర్చుంది. చెంచా నోట్లో పెట్టుకుంది. మింగలేదు. చెయ్యి చిగుళ్ళ మీదికి వెళ్ళింది. కష్టపడి మింగి చెంచా గిన్నెలో పెట్టేసింది. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపింది.

కామేశ్వరి గ్లాసు అందించి, ఆ గిన్నె జరిపి, పొయ్యి పక్కనున్న గిన్నె తెచ్చి పెట్టింది. ఆవిడ తాగింది. ఆగి, మళ్ళీ తాగింది. గిన్నె సగమయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఇందులో ఎవరు వేశారు?"

"నేనేనండి. ఇది దేవుడికి పెట్టేది కాదు కదా అని రుచి చూసి వేశాను."

అప్పటిదాకా ఆ వంటింట్లో పొయ్యి దగ్గర రుచి చూసిన మనిషి లేదు. జగదాంబ దాని గురించి ఏమైనా అంటుందని కామేశ్వరి అనుకుంది. ఆవిడ అడిగింది వేరే.

"నిన్న కూడా నేను ఇందాకటంతే వేశానా?"

"నిన్న ఇంకో రెండుసార్లు వేశారండి. పుక్కిలించి వచ్చి తాగారు. అందుకని మీ నాలిక్కి తెలియలేదు."

"వాడు నిన్ను అన్నేసి మాటలంటే చెప్పవేం?"

"మీరు చెప్తారనుకున్నానండి."

జగదాంబ చెంచాతో గిన్నె అంచును గీకింది. మిగిలిందంతా తాగింది. కామేశ్వరి గిన్నెలు తీస్తూ, నిలబడే, శుక్రవారం చాట్రాయిలో ఉప్పు తను వేస్తానంది.

ఆ ఇంటికి పిలిచింది తన చేతినని జగదాంబ అంది. ఇవాళ్టిదాకా ఈ ఇంట్లో ఒక్క గిన్నెలోనైనా ఉప్పు వెయ్యని దానివి, రెండొందల మంది గుండిగలో ఎలా వేస్తావని అడిగింది.

"గిన్నె మీ ముందు దించినప్పుడల్లా, మీరు చెయ్యి తియ్యకముందే ఎంత వేస్తారో మనసులో అనుకుంటానండి. తర్వాత మీ గుప్పిట చూస్తాను. భోజనం దగ్గర రుచి చూసుకుంటాను. మొదటి ఏడాది లెక్క తప్పేది. ఈమధ్య తప్పడం లేదు. కిందటి నెల పెళ్ళివారింట్లో సాంబారుకు నేనైతే మీరు వేసినదానికంటే చారెడు తగ్గించేదాన్ని. వాళ్ళు మంచినీళ్ళు ఎక్కువ అడిగారు, గుర్తుందా?"

జగదాంబకు గుర్తుంది. చూద్దాంలే అంది.

*

గురువారం పొద్దున కామేశ్వరి బావి దగ్గర గిన్నెలు తోముతుంటే పెరటి మూల జగదాంబ కనిపించింది. ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. చేతిలో పచ్చి మామిడి ముక్క. దాన్ని నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో అదుముతోంది. తల ఒకసారి వెనక్కి పోయింది. ముక్క తీసి చూసింది. దాని మీద ఎర్రగా మరక అయింది గానీ గాటు పడలేదు.

ఆ నాలుగు పళ్ళు ఆవిడ ఎందుకు ఉంచుకుందో కామేశ్వరికి అప్పుడు తెలిసింది. మామిడికాయ పప్పు వండే ప్రతిసారీ జగదాంబ తరిగిన ముక్కల్లో ఒకటి తీసి పక్కకు వెళ్ళి ముందు పళ్ళతో కొరుకుతుంది. పచ్చికాయ వంట కాదు కనుక దోషం లేదు. నోరు కడుక్కుని, చెయ్యి కడుక్కుని వచ్చి, అప్పుడు ఉప్పు వేస్తుంది. ఒక్కో చెట్టుది ఒక్కో పులుపు. పులుపును బట్టి ఉప్పు. చూసి వేస్తుందని ఊరంతా అనుకుంటుంది.

కామేశ్వరి తల తిప్పుకుని గిన్నెలు తోమింది.

ఆ రోజు సూపులో ఉప్పు ఎవరు వేయాలన్న మాట రాలేదు. కామేశ్వరి వేసే తెచ్చింది. జగదాంబ తాగింది. ఉప్పునీళ్ళ చెంబులో మాత్రం ఇప్పుడు చిటికెడే వేసుకుంటోంది.

*

శుక్రవారం తెల్లవారుజామున దశరథరామయ్య జీపు పంపాడు. చాట్రాయి చేరేసరికి గాడిపొయ్యి తవ్వించి ఉంది. కట్టెలు పేర్చి ఉన్నాయి. ఊరి ఆడవాళ్ళు నలుగురు కత్తిపీటల ముందు కూర్చుని మామిడికాయలు తరుగుతున్నారు. ముక్కలు రెండు గంపల నిండా ఉన్నాయి.

దశరథరామయ్య వచ్చి జగదాంబకు కుర్చీ వేయించాడు. పళ్ళ సంగతి విన్నానని, ఇలాంటప్పుడు కూడా వచ్చినందుకు సంతోషమని అన్నాడు. మీరు కూర్చోండి, పని మీ కోడలుగారు చూసుకుంటారు, ఉప్పు దగ్గర మాత్రం మీ చెయ్యి పడాలమ్మా అన్నాడు. జగదాంబ కుర్చీలో కూర్చుంది.

కామేశ్వరి పని మొదలుపెట్టింది. పసుపు వేసి కందిపప్పు ఉడికించింది. గుండిగ దగ్గర తెడ్డు పట్టుకుని నిలబడి, పప్పు మెదిగాక ముక్కలు వేయడానికి గంపలు దగ్గరికి తెప్పించింది. ఒక ఆడమనిషి ఉప్పు బుట్ట తెచ్చి జగదాంబ కాళ్ళ దగ్గర పెట్టింది. అందరూ అటు చూశారు.

జగదాంబ లేచింది. ఉప్పు బుట్ట దాటి గంప దగ్గరికి వెళ్ళింది. ముక్కల్లో చెయ్యి పెట్టి ఒకటి తీసింది. దాన్ని కొంచెంసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత కోడలి చేతిలో పెట్టింది.

"కొరుకు," అంది.

కామేశ్వరి తెడ్డు ఇంకొకరికి ఇచ్చి అవతలికి వెళ్ళి కొరికింది. నోట్లో నీళ్ళు ఊరాల్సినంత ఊరలేదు. వెనక్కి వచ్చి రెండో గంపలోంచి ఒకటి తీసుకుని మళ్ళీ వెళ్ళి కొరికింది. అదీ అంతే. లోపల పసుపు చార ఉంది. నోరూ చెయ్యీ కడుక్కుని వచ్చి, ఈ కాయలు ఎక్కడివని అడిగింది. బుధవారం గాలికి రాలిన చిన్న రసాలని తరిగేవాళ్ళు చెప్పారు.

"ఇవి దోరకాయలండి అత్తయ్యగారూ. పులుపు సగానికి సగం లేదు. మామూలు ఉప్పు వేస్తే ఉప్పే తగులుతుంది."

"అయితే ఏం చేస్తావు?" అంది జగదాంబ.

దొడ్లో నాటుమామిడి ఉందేమో చూడమంది కామేశ్వరి. ఉంది. రెండు తట్టల కాయలు కోయించింది. ఒకటి కొరికితే కన్ను మూతపడింది. ఒక గంప దోర ముక్కలు తీయించి వాటి బదులు ఇవి తరిగించి వేసింది. ముక్క మెత్తబడ్డాక ఉప్పు బుట్ట దగ్గర వంగింది. రెండు చేతుల దోసిలి నింపి, కొంచెం వెనక్కి జార్చి, గుండిగ చుట్టూ తిరుగుతూ చల్లింది. ఇంకో దోసిలి వేసింది. మూడోసారి ఒక చెయ్యే పెట్టింది. తరిగే ఆడవాళ్ళలో ఒకామె, పెద్దమ్మగారు ఇంకా వేసేవారే అంది.

"తెడ్డు తిప్పు, అడుగంటుద్ది," అంది జగదాంబ ఆమెతో.

పూజ అయింది. దేవుడికి పెట్టారు. మొదటి బంతిలో దశరథరామయ్య బంధువులు కూర్చున్నారు. వడ్డన గుమ్మం దగ్గర కామేశ్వరి నిలబడి వాళ్ళ చేతులు చూసింది. పప్పు కలిపిన చేతులు ఉప్పు గిన్నె కోసం సాగలేదు. నీళ్ళ గ్లాసుల వైపు కూడా వెళ్ళలేదు. పప్పు బకెట్టు రెండోసారి తిరిగింది, మూడోసారీ తిరిగింది. కొత్తింటి వరండాలో దశరథరామయ్య నిలబడి, వచ్చే నెల మనవడి అన్నప్రాసనకు కూడా రావాలని జగదాంబతో చెప్పాడు.

నరసింహారావు కొట్టు దగ్గర సెలవు అడిగి రెండో బంతికి వచ్చాడు. పక్క విస్తరి ముందు కూర్చున్నది విస్సన్నపేట వ్యాపారి, తెలిసినవాడే. పప్పు బాగుందని అతను అంటే నరసింహారావు నవ్వాడు.

"మా అమ్మ చెయ్యండీ. పళ్ళు పీకించుకున్నా చెయ్యి పోలేదు."

జగదాంబ నేతి గిన్నె పట్టుకుని బంతి వెంట నడుస్తోంది. కొడుకు విస్తరి ముందు ఆగింది. నెయ్యి వేసింది.

"ఈ ఉప్పు కామేశ్వరి వేసింది, నరసింహం. మంగళవారం నువ్వు ఉమ్మేసిన సూపులో వేసింది నేను."

పక్క విస్తరి వ్యాపారి, ఆ అవతలివాళ్ళు ఇద్దరు తల ఎత్తి చూశారు. జగదాంబ తర్వాతి విస్తరికి వెళ్ళింది. నరసింహారావు అన్నం కలిపాడు. పప్పు బకెట్టు మళ్ళీ వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. వడ్డిస్తున్నది కామేశ్వరి.

"ఇంకొంచెం వెయ్యి," అన్నాడు.

ఆమె వేసింది.

*

శనివారం సాయంత్రం కామేశ్వరి బూడిదలోంచి దుంపలు తీసింది. విరిచి, జల్లెడ పట్టి, పాలు పోసి, మీగడ కలిపింది. గోడ మీదుగా ఇన్నమ్మకు ఒక గిన్నె ఇచ్చి, ఉప్పు తన రుచికి వేసుకోమంది. ఉల్లిపాయ లేని లోటు తప్ప సిస్టరుగారి సూపులానే ఉందని ఇన్నమ్మ చెప్పింది. గిన్నె కడిగి గోడ మీద పెట్టబోతే, లోపలికి రమ్మని జగదాంబ అరుగు మీద నుంచి పిలిచింది. ఇన్నమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది.

కామేశ్వరి ఉప్పు కోసం పీట వైపు తిరిగింది. పీట పక్కన జాడీ లేదు. పొయ్యికి కుడివైపున, చెయ్యి చాపితే అందే చోట ఉంది. అక్కడ ఉండే నూనె సీసా గూట్లోకి మారింది.

ఆమె ఉప్పు వేసి, రుచి చూసి, గిన్నె తీసుకెళ్ళి ఇచ్చింది. జగదాంబ అంతా తాగింది. మిరియాలు ఎక్కువయ్యాయని చెప్పింది.